కీర్తిశేషులు సామర్ల వెంకట రంగారావుగారు

మన కులమున బుట్టి లోకమున వన్నెకెక్కిన మహనీయు నొకరి చరిత్రమును ఈ వార్షిక మహాసభ సంచికయందు ప్రకటించుట మనకు ఆచారముగా వచ్చుచున్నది. సాధారణముగా దాతలను గూర్చియు, విద్యాధికులను గూర్చియు, ప్రజానాయకులను గూర్చియు వ్రాయుచుందుము. ఈ పర్యాయము ఒక నటుని గూర్చి వ్రాయబూనుకొంటిమి. వేషము కట్టువాని జీవితమును ఇట్టి సంచికలో చేర్చుట తగునా యని సందేహించు పెద్దలు ఒక కాలమున మనలో ఉండిరి. ఆ సందేహమును మనసునందుంచుకొనియే మేము ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

సామర్ల వెంకట రంగారావుగారు 1918 సంవత్సరము జూలై 3వ తేదీన నాటి కృష్ణామండలమందలి నూజివీడున ఒక తెలగ కుటుంబమున జన్మించిరి. తండ్రి కోటేశ్వరరావుగారు ఆబ్కారీ శాఖలో ఉద్యోగి. తల్లి లక్ష్మీనరసాయమ్మగారు. తండ్రి ఉద్యోగరీత్యా ఊరూర తిరుగవలసివచ్చుటచేత రంగారావుగారు బాల్యమున నాయనమ్మగారి సంరక్షణలో మద్రాసు నగరమున పెరిగిరి. ట్రిప్లికేను హిందూ హైస్కూలులో చదువుకొనిరి. అచ్చటనే, మీసము రాని వయస్సుననే, మొదటిసారి నాటకములో వేషము వేసిరి. మద్రాసులో పెరిగినందున తమిళము ఆయనకు పరాయిభాష కాలేదు. తరువాతి కాలమున తమిళులును ఆయనను తమవానినిగా భావించుటకు ఆ బాల్యమే పునాది యయ్యెను.

ఆ కాలమున మన కుటుంబములయందు చదువుకొన్న బాలుని గూర్చి పెద్దలకు ఉండిన కోరిక ఒక్కటియే. పట్టము పుచ్చుకొని సర్కారు కొలువులో చేరి నెలకింత జీతము తేవలెను. సేద్యమునకు వానలు కరవైన ఏడు కూడ ఇంట పొయ్యి వెలుగవలెనన్నచో అట్టి కొలువొక్కటే దారి యని వారు తలంచిరి. అందు తప్పు పట్టుటకు లేదు. కాని రంగస్థలము మాట వచ్చునప్పటికి అదే పెద్దలు ముఖము చిట్లించుకొనెడివారు. నాటకము చూచుటకు బండ్లు కట్టుకొని పోవుట మర్యాదయే. ఆ నాటకములో తమ బిడ్డ వేషము వేయుట మాత్రము మర్యాద కాదు. రంగారావుగారు ఈ రెండు మర్యాదల నడుమ పెరిగిన తరమువారు.

విశాఖపట్టణమునను కాకినాడలోను ఆయన పై చదువులు చదివిరి. కాకినాడ ఆ దినములలో నాటకములకు పుట్టినిల్లు వంటిది. అచ్చటి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో ఆయన చేరిరి. తరువాత చలనచిత్రసీమలో పేరుగాంచిన అంజలీదేవిగారు, ఆదినారాయణరావుగారు మొదలగువారికి కూడ ఆ క్లబ్బే పాఠశాల. తెలుగు నాటకములతోపాటు షేక్స్పియరు మహాకవి నాటకములలోని ఘట్టములను ఆయన ఆంగ్లమునందే ప్రదర్శించెడివారు. ఒథెల్లో, షైలాకు మొదలగు పాత్రలు ఆయనకు కంఠస్థములు. మంచివాడని గాని చెడ్డవాడని గాని ఒక్క మాటలో తేల్చివేయుటకు వీలులేని మనుష్యులు వారు. అట్టివారి మనసులో దూరి చూచు అలవాటు ఆయనకు ఆ నాటకముల వలననే కలిగినదని మా అభిప్రాయము.

చదువు ముగిసిన పిదప ఆయన అగ్నిమాపక శాఖలో ఫైరాఫీసరుగా చేరి బందరులోను విజయనగరమునందును పనిచేసిరి. గౌరవమైన ఉద్యోగము. నిలుకడ గల జీతము. పెద్దలు కోరినది ఇదియే. కాని ఆ కొలువులో నాటకములకు తీరికయు వీలును దొరకకుండెను. కొంతకాలమునకు ఆయన ఆ ఉద్యోగమును విడిచిపెట్టిరి. బంధువులైన బి. వి. రామానందంగారు తీసిన వరూధిని చిత్రమున ప్రవరాఖ్యుని వేషము ఆయనకు లభించెను. పెద్దన మహాకవి సృష్టించిన సుందరనాయకుని వేషము. మొదటి చిత్రములోనే కథానాయకుడు! చిత్రము వెలువడెను. ప్రజలు దానిని ఆదరింపలేదు. సర్కారు కొలువును వదలివచ్చిన యువకునికి ఇటు సినిమాయు అటు ఉద్యోగమును రెండును లేకపోయెను.

అప్పుడు ఆయన దూరదేశమైన జంషెడ్‌పూరునకు పోయి టాటావారి ఉక్కు కర్మాగారమున చిన్న ఉద్యోగమున కుదురుకొనిరి. 1947 డిసెంబరు మాసమున లీలావతిగారిని వివాహమాడిరి. ఇచ్చటితో ఈ కథ ముగిసియుండవచ్చును. కుఱ్ఱతనమున సినిమా పిచ్చిలో పడి, దెబ్బతిని, బుద్ధి తెచ్చుకొని, సంసారి యయ్యెనని బంధువులు సంతోషించియుందురు. అట్లు ముగిసిన కథలు మన యిండ్లలో లెక్కకు మిక్కిలిగా కలవు. వాటిని ఎవరును వ్రాయరు.

ఆయన కథ మాత్రము అట్లు ముగియలేదు. పూర్వపరిచయస్థులైన బి. ఏ. సుబ్బారావుగారు పల్లెటూరి పిల్ల యను చిత్రమును తీయుచు అందలి ప్రతినాయకుని పాత్రకు రంగారావుగారిని పిలిచిరి. ఆయన బయలుదేరవలసిన సమయముననే తండ్రిగారు స్వర్గస్థులైరి. జ్యేష్ఠమైన ధర్మము తండ్రికి చేయవలసిన కర్మ. ఆ కర్మను ముగించుకొని మద్రాసు చేరునప్పటికి ఆ పాత్ర ఏ. వి. సుబ్బారావుగారికి పోయియుండెను. 1950 సంవత్సరమున వెలువడిన ఆ చిత్రమున రంగారావుగారు ఒక చిన్న వేషముతో తృప్తిపడవలసివచ్చెను. కథానాయకుడుగా వచ్చి ఓడినవాడు, ప్రతినాయకుడు కాబోయి ఆలస్యమైనవాడు, ఇప్పుడు తెర మూలన నిలుచు చిన్న వేషధారి. మానము గలవాడు తిరిగి రైలెక్కుటకు ఇంతకుమించిన కారణ మక్కరలేదు. ఆయన రైలెక్కలేదు. ఆయన జీవితమంతటిలోను మన యువకులు నేర్చుకొనదగినది ఈ ఒక్క ఘట్టమే యని మేము తలంచుచున్నాము. తరువాత వచ్చిన కీర్తి యంతయు ఆయన ఆ చిన్న వేషమును చిన్నచూపు చూడకుండుట వలన వచ్చినదే.

అదే సంవత్సరమున విజయా సంస్థవారు ఎల్. వి. ప్రసాదుగారి దర్శకత్వమున షావుకారు చిత్రమును తీసిరి. అందు సున్నం రంగడను వీథిరౌడీ వేషము ఆయనకు దక్కెను. వేషము పెద్దది కాదు. కాని ఆ లుంగీ కట్టు, ఆ చూపు, ఆ నడక చూచినవారికి ఇతడు వేషము కట్టినవాడని తోచలేదు. మరుసటి ఏడు 1951 లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున ఆ సంస్థవారే పాతాళభైరవిని నిర్మించిరి. నేపాళమాంత్రికుని పాత్ర ఆయన చేతికి వచ్చెను. తోటరాముడుగా నటించిన నందమూరి తారకరామారావుగారికి ఆ చిత్రము ఎంతటి కీర్తిని తెచ్చెనో, ఆ రాముని బలియియ్యజూచిన మాంత్రికునికిని అంతటి కీర్తిని తెచ్చెను. దురాశాపరుడైన ఆ మాంత్రికుని చూచి జనులు భయపడిరి. భయపడుచునే ఇంటికి పోయి ఆతని కంఠమును, చేతివేళ్ల త్రిప్పుటను అనుకరించిరి. పల్లెలయందు టూరింగు టాకీసు డేరా ఎత్తివేసిన తరువాత కూడ నెలల తరబడి పిల్లలు వీథులలో రాముని ఆట కాక మాంత్రికుని ఆట ఆడుకొనిరని మా పెద్దలు చెప్పగా వినియున్నాము.

ఇచ్చట ఒక్క మాట చెప్పవలసియున్నది. సినిమాలో నాయకుని వేషము వేయువానికి సగము పని కథయే చేసిపెట్టును. పాటలు ఆతనివి. నాయిక ఆతనిది. కడపటి జయము ఆతనిది. క్యారెక్టరు వేషములని జనులు పిలుచు తండ్రి, మామ, జమీందారు, రాక్షసుడు, రౌడీ వేషములకు అట్టి సహాయము లేదు. నటుడు తన బలముతోనే నిలువవలెను. కథలో ఓడిపోవుచు ప్రేక్షకుని మనసులో గెలువవలెను. రంగారావుగారు ఇరువదినాలుగేండ్లపాటు తెలుగు, తమిళ భాషలలో చేసిన పని యిది. దేవదాసు తండ్రియైన జమీందారు ఆయనయే. మిస్సమ్మను కన్నబిడ్డవలె ఆదరించిన జమీందారు ఆయనయే. మొదటి జమీందారు పట్టుదలను చూచి పండ్లు కొరికిన జనులే రెండవ జమీందారు అమాయకత్వమును చూచి ముచ్చటపడిరి. ఇద్దరును ఒక్కడే యని తెలిసియు మరచిపోయిరి.

1957 సంవత్సరమున మాయాబజారు వచ్చెను. అందలి ఘటోత్కచుని గూర్చి తెలుగువారికి వేరుగా చెప్ప నక్కరలేదు. రాక్షసుడనగా కోరలును గర్జనయును మాత్రమే యని అనుకొనుచుండిన ప్రేక్షకులకు ఆయన తల్లిమాట జవదాటని కొడుకును, తమ్ముని పెండ్లి కొఱకు ఆరాటపడు అన్నను, పిల్లవానివలె నవ్వు మహాబలుని చూపించిరి. పెండ్లివిందు నొక్కడే ఆరగించు ఘట్టమున మాధవపెద్ది సత్యంగారి గానమునకు ఆయన చేసిన అభినయము నేటికిని పెండ్లిండ్లలో భోజనపు బంతులయందు తలంపునకు వచ్చుచుండును. అదే చిత్రమున మఱియొక విశేషము కలదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపమును ధరించి పెండ్లివారింట తిరుగును. ఆ మాయాశశిరేఖ వేషము సావిత్రిగారిది. సుకుమారియైన ఆమె ఒక్కొక్కసారి రంగారావుగారి అడుగు వేసి, రంగారావుగారివలె బుజములు విఱిచి చూచినప్పుడు హాలంతయు గొల్లున నవ్వెడిది. ఆయన నడక ప్రజలకు అంతగా తెలిసినదగుటచేతనే గదా ఆ హాస్యము పండినది! తెరమీద తాను లేని సమయమున కూడ తన్ను చూపించగలిగిన నటులు ఎందఱుందురు?

1963 సంవత్సరమున కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున నర్తనశాల వెలువడెను. అందు ఆయన కీచకుడు. విరటుని కొలువునే తన పిడికిట పెట్టుకొన్న సేనాని, సైరంధ్రిని చూచినది మొదలు తన్ను తానే మరచి, తెలిసి తెలిసి మృత్యువు వాకిట నిలుచుట ఆ కథ. ఆయన కీచకుని నీచునిగా మాత్రమే చూపలేదు. బలము గలవాడు కోరికకు దాసుడైనచో ఎట్లు కరగిపోవునో మెల్లమెల్లగా చూపిరి. మల్లయోధుని దేహము గల దండమూడి రాజగోపాలరావుగారు భీముడుగా ఆయన నెదిర్చిరి. 1964 సంవత్సరమున ఇండొనీషియా దేశపు జకార్తా నగరమున జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవమున రంగారావుగారికి ఉత్తమనటుడను బహుమానము లభించెను. తెలుగు అక్షరము నెఱుగని దేశమున తెలుగు చిత్రమును చూచినవారు కథానాయకుని విడిచి కీచకుని ఎన్నుకొనిరి. నూజివీడు బాలునికి అంతకు మించిన తీర్పు అక్కరలేదు. విశ్వనటచక్రవర్తి యని ప్రజలు పిలుచుకొనిన బిరుదు ఆయనకు శోభించెను.

పురాణపాత్రలే ఆయన బలమని చెప్పువారు బంగారుపాపను చూడవలెను. బి. ఎన్. రెడ్డిగారు తీసిన ఆ చిత్రమున ఆయన కోటయ్య యను కఠినహృదయుడు. పగయే ప్రాణముగా బ్రదుకుచున్నవాని చేతికి దిక్కులేని పసిపాప దొరకును. ఆ పాపను పెంచుచు తాను మనుష్యుడగును. గదయు కిరీటమును లేకుండ, మాసిన గడ్డముతో, ఒక పసిబిడ్డ నెత్తుకొని ఆయన నిలిచిన తీరు మరపునకు రాదు. ఆత్మబంధువు చిత్రమున చితికిపోయిన పెద్దింటి యజమానిగా ఆయన ఎందఱ తండ్రులనో జ్ఞప్తికి తెచ్చిరి. దాని మాతృక యైన తమిళచిత్రమున కూడ ఆ పాత్ర ఆయనదే. 1963 లో వచ్చిన నానుం ఒరు పెణ్ అను తమిళచిత్రమున, మేనిచాయను బట్టి కోడలిని ఏవగించుకొని పిదప ఆమె గుణమునకు తలవంచు మామగారి పాత్రను ధరించిరి. ఆ పాత్రనే హిందీలోను తెలుగులోను కూడ నటించిరి. 1965 లో పాండవవనవాసమున దుర్యోధనుడు, 1967 లో భక్తప్రహ్లాదలో హిరణ్యకశిపుడు ఆయనయే. కొడుకును చంపనాజ్ఞ యిచ్చిన తండ్రి గుండెలో ఆ కొడుకుమీది ప్రేమ ఇంకను మిగిలియున్నదని హిరణ్యకశిపుని కన్నులలో చూపినవా రాయన.

ఆయన దర్శకత్వము వహించిన చదరంగం 1967 లోను, బాంధవ్యాలు 1968 లోను వెలువడి రెండును ఆంధ్రప్రదేశ ప్రభుత్వపు నంది పురస్కారములను పొందెను. తీరిక దొరకినప్పుడు కథలు కూడ వ్రాసిరి. అవి పత్రికలయందు ప్రకటింపబడెను. గదాధారిగా మాత్రమే ఆయన నెఱిగినవారికి ఈ సంగతి వింతగా తోచవచ్చును.

1974 సంవత్సరారంభమున హైదరాబాదులో ఆయనకు గుండెజబ్బు కనిపించెను. కొంత కోలుకొనిరి. కాని ఆ సంవత్సరము జూలై 18వ తేదీన మద్రాసులో హఠాత్తుగా గుండె ఆగి పరమపదించిరి. 56 సంవత్సరములు నిండి పదునైదు దినములు మాత్రమే గడచియుండెను. తెరమీద ముసలి తాతగా అనేక పర్యాయములు కనిపించినవారు గనుక ఆయన వయస్సు అంత తక్కువ యని పత్రికలలో చదివి జనులు నివ్వెరపోయిరి. ఆయన లేని కాలమున, 1975 లో, యశోదకృష్ణ చిత్రము వచ్చెను. అందు ఆయన కంసుడు. కంసుడు చచ్చినప్పుడు చప్పట్లు కొట్టుట మన ప్రేక్షకుల అలవాటు. ఆ వేషము కట్టినవాడు ఇక లేడని ఎఱిగి, ఆ చావును చూచుట ఆయన అభిమానులకు ఎంత కష్టమైయుండునో ఊహించుకొనవచ్చును. జీవితమంత చెడ్డవారి వేషములు కట్టినవాని కొఱకు జనులు ఇంటివాడు పోయినట్లు దుఃఖించిరనుట ఆయన విద్యకు దక్కిన పెద్ద బిరుదము.

ప్రభుత్వమువారి పద్మపురస్కారములలో ఏదియు ఆయనకు లభింపలేదు. అభిమానులకు ఈ కొఱత నేటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది. 2013 లో భారత చలనచిత్ర శతాబ్ది సందర్భమున తపాలాశాఖవారు వెలువరించిన బిళ్లలలో ఆయన ముఖచిత్రము కూడ చేరెను. 2018 ఆయన శతజయంతి సంవత్సరము. 2019 లో తాడేపల్లిగూడెమున ఆయన కాంస్యవిగ్రహమును చిరంజీవిగారు ఆవిష్కరించిరి. ఆయనను కన్నులార చూచిన తరము తఱుగుచున్నను, మాయాబజారును చూచు పసివారు ప్రతి యేడును పుట్టుచునే యున్నారు.

ఇక మన మాట. రంగారావుగారు మనవారని చెప్పుకొనునప్పుడు మన ఛాతీ ఉప్పొంగుట సహజము. మేమును అట్లే ఉప్పొంగుదుము. కాని కొంచెము నిలిచి ఆలోచింపుడు. ఆయనకు వేషము లిచ్చినవారు, మాటలు వ్రాసినవారు, ఆయన కొఱకు పాడినవారు, ఎదుట నిలిచి నటించినవారు అన్ని కులములవారును. ఆయనను చూచుటకు నేలటిక్కెట్టు కొన్నవారు అన్ని కులములవారును. తమిళులు ఆయన కులమేదని అడుగకయే ఆయనను తమ యింటి పెద్దగా చేసికొనిరి. కనుక ఆయన కీర్తిలో మనకు వేరు భాగము లేదు. మనకు వేరుగా ఉన్నది ఋణము మాత్రమే. సినిమా వట్టి పిచ్చి యని, నాటకము పరువు తక్కువ యని ఆయన వంటి బాలురను వెనుకకు లాగిన చేతులలో మన చేతులును కలవు. ఆయన ఆ చేతులను విదిలించుకొని పోగలిగిరి. పోలేకపోయిన వారి పేర్లు మనకు తెలియవు.

నేటికిని మన వసతిగృహములకును విద్యార్థివేతనములకును వచ్చు దరఖాస్తులలో వైద్యము, ఇంజనీరింగు చదువువారికి ముందు చోటు లభించుచున్నది. అది తగినదే. కాని నాటకమో, సంగీతమో, చిత్రలేఖనమో నేర్చుకొనగోరు పేదబిడ్డ మన కార్యాలయపు మెట్లెక్కినచో ఏమి చెప్పుచున్నామో పెద్దలు తమలో తాము విచారించుకొనవలెను. ఈ మహాసభకు విచ్చేసిన దాతలను మేము వినయముగా కోరునది ఒక్కటియే. మన నిధిలో కొద్దిభాగమును అట్టి బిడ్డలకొఱకు ప్రత్యేకించి దానికి రంగారావుగారి పేరు పెట్టుడు. ఆయన ఛాయాపటమునకు ప్రతి సంవత్సరమును పూలమాల వేయుచున్నాము. ఆ మాల వాడిపోవును. వేషము కట్టుటకు సిగ్గుపడక, చిన్న వేషమని చిన్నబోక, ఒక బిడ్డ రంగస్థలమునకు నడచునట్లు చేసితిమేని అది వాడదు.

పల్లెటూరి పిల్లలో చిన్న వేషమునకు ఒప్పుకొని మద్రాసులో నిలిచిపోయిన ఆ యువకుని నాడు ఆదుకొన్న నిధి ఏదియు లేదు. అట్టివా డింకొకడు వచ్చునాటికైనను మన వాకిలి తెఱచియుండును గాక.